జనరేటర్ ట్రాలీని లాగే పికప్‌కు షాక్ అబ్జార్బర్లు ఎంచుకోవడం: నా అనుభవం

నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాల రొయ్యల గుంటలకు జనరేటర్లు అద్దెకివ్వడం నా వృత్తి. నాకున్న మూడు జనరేటర్లలో పెద్దది 62.5 కేవీఏ సామర్థ్యం గలది. దానిని రెండు చక్రాల ట్రాలీ మీద బిగించి, పికప్ వెనుక హుక్కుకు తగిలించి, ఎవరి గుంట దగ్గర అవసరమైతే అక్కడికి లాక్కుపోతాం. రాత్రిపూట గుంటలోని నాచు కూడా ప్రాణవాయువును వాడుకుంటుంది కాబట్టి తెల్లవారుజాముకు నీటిలో అది అట్టడుగు స్థాయికి పడిపోతుంది. ఆ వేళలో కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రైతుకు గంట సమయం కూడా చేతిలో ఉండదు. అందువల్ల మా ప్రయాణాలన్నీ చీకట్లో, తొందరలో, బరువుతో జరిగేవే. బండి షాక్ అబ్జార్బర్ల గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం అదే. ఇలాంటి పనికి బండి వాడేవారు నాలాగా రెండుసార్లు పొరపాటు పడి మూడోసారి సరిదిద్దుకోవలసిన అవసరం రాకూడదని నా కోరిక.

2025 వేసవి దాటేసరికి పికప్ 92 వేల కిలోమీటర్లు తిరిగింది. ఖాళీగా నడిపినప్పుడు పెద్దగా తేడా తెలిసేది కాదు గాని, ట్రాలీ తగిలించి జాతీయ రహదారి ఎక్కి పెన్నా వంతెన మీది అతుకులు దాటుతుంటే ముందుభాగం ఊయలలా లేచి పడేది. ఒక అతుకు దాటిన ఊపు అణగకముందే రెండోది వచ్చేది, రెండు ఊపులూ కలిసి ఇంకా పెద్దవయ్యేవి. ముందు లైట్ల వెలుగు రోడ్డును వదిలి ఎదుటి లారీ అద్దం దాకా లేచి మళ్లీ బంపరు ముందుకు దిగిపోయేది. స్టీరింగు కూడా అప్పుడప్పుడు తేలికైపోయినట్టు అనిపించేది. గుంటల వైపు గ్రావెల్ బాటలోకి దిగాక వెనుకనుంచి "టక్కు, టక్కు" అని ఒక చప్పుడు వచ్చేది; అది గోతిలో దిగినప్పుడు గాక, గోతి నుంచి లేచినప్పుడు వచ్చేదని మా బావమరిది మొదట గమనించాడు. ఆ ఒక్క గమనింపు తరువాత మాకు ఎంతో ఉపయోగపడింది.

ఈ బాధ ఒక్క రోజులో మొదలైంది కాదు. అంతకు ఏడాది ముందే ట్రాలీ తగిలించినప్పుడు వెనుకభాగం బాగా కుంగుతోందని, ఒకరి సలహా మీద రెండు వైపులా కమాన్లలో, అంటే బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగుల్లో, ఒక్కో పట్టీ అదనంగా వేయించాను. బండి వెనుక ఎత్తు పెరిగింది, చూపుకు బాగుంది, కుదుపు మాత్రం ఎక్కువైంది. తరువాత షాక్ అబ్జార్బర్లలో నూనె పోయిందేమోనని, పాతవాటినే కోసి, చిక్కటి నూనె నింపి, మళ్లీ అతికి, రంగు వేసి ఇచ్చే ఒకచోట వెనుకవి రెండూ చేయించాను. అవి బిగించిన మొదటి వారం బండి గట్టిగా నిలబడింది; రెండు నెలలు తిరగకముందే ఒకటి నూనె కార్చింది. లోపలి కవాటాల రంధ్రాలు ఒక చిక్కదనానికి సరిపడేలా తయారై ఉంటాయి; అంతకన్నా చిక్కటి నూనె పోస్తే చిన్న ఊపులకు గొట్టం బిగుసుకుపోతుంది, పెద్ద దెబ్బకు నూనె బయటికి రాకుండా ఆపే సీలు మీద ఒత్తిడి పెరుగుతుంది. అసలు గొట్టంలో ఒత్తిడితో ఉండవలసిన నత్రజని కోసినప్పుడే పోతుంది. మరమ్మతు పేరుతో జరిగే ఈ పనిని నేను ఇక ఎవరికీ సిఫారసు చేయను.

ఆగస్టులో నెల్లూరు ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. ముప్పయ్యేళ్లుగా కమాన్ల పనే చేస్తున్న మనిషి. ఏ కంపెనీ షాక్ అబ్జార్బర్లు వేస్తే మంచిదని నేను అడిగితే ఆయన బండి కిందికి కూడా చూడకుండా, "ముందు కాటాకు పోయిరా నాయనా, బరువెంతో తెలీకుండా నేనేం చెప్పేది?" అన్నారు. షాక్ అబ్జార్బర్ బరువు మోయదనీ, బరువు మోసేది కమాన్లూ స్ప్రింగులేననీ, స్ప్రింగు ఒకసారి నొక్కుకుని లేచాక ఊగుతూ ఉండకుండా ఆ ఊపును నూనెలో వేడిగా మార్చి అణచడమే షాక్ అబ్జార్బర్ పని అనీ ఆయన చెప్పిన నాలుగు మాటల్లో నా ఏడాది తప్పిదమంతా కనిపించింది. కుంగుదల ఒక జబ్బు, ఊపు ఇంకొక జబ్బు. రెండింటికీ ఒకే మందు వేయబోయి నేను రెండింటినీ పెంచాను.

వేబ్రిడ్జి మీద మూడు తూకాలు వేయించాను. రోజూ పనికి పోయే తీరులో డీజిలు క్యాన్లు, పనిముట్లు, ఇద్దరు మనుషులతో పికప్ ఒక్కటే 2,310 కిలోలు తూగింది. ట్రాలీ తగిలించి, ట్రాలీ చక్రాలు మాత్రం కాటా బయట ఉండేలా నిలిపితే అదే పికప్ 2,650 కిలోలు చూపింది. అంటే హుక్కు మీద ట్రాలీ ముక్కు మోపుతున్న బరువు 340 కిలోలు. మొత్తం రెండూ కలిపి 4,150 కిలోలు వచ్చాయి కాబట్టి ట్రాలీ బరువు 1,840 కిలోలని తేలింది. ఇలాంటి ట్రాలీకి ముక్కు బరువు మొత్తంలో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా, అంటే నూటికి 10 నుంచి 15 పాళ్లు ఉండటం మంచిదని అనుభవజ్ఞులు చెప్పే లెక్క. అంతకు తక్కువైతే ట్రాలీ అటూ ఇటూ తోకలా కొట్టుకుంటుంది. ఎక్కువైతే పికప్ వెనుకభాగం కుంగి ముందు చక్రాల మీది బరువు తేలిపోతుంది. మాది నూటికి 18 పైన ఉంది. స్టీరింగు తేలికైనట్టు అనిపించడానికి కారణం ఇక్కడే దొరికింది.

ఆ అదనపు బరువు ఎక్కడిదో వెతికితే, ట్రాలీ ముందు కొనన మేమే బిగించుకున్న కేబుళ్ల పెట్టె కనిపించింది. అందులో రాగి కేబుళ్లతో కలిపి 120 కిలోలు ఉంది. తీసి పెట్టడానికి వీలుగా ఉంటుందని ఇరుసుకు రెండు మీటర్లు ముందుకు పెట్టాం. దానిని ఇరుసుకు కొంచెం వెనుకగా జరిపి బిగించి మళ్లీ తూకం వేయిస్తే ముక్కు బరువు 250 కిలోలకు దిగింది. ఒక్క రూపాయి విడిభాగం కొనకుండా, నాలుగు బోల్టుల పనితో ముందుభాగం లేవడం సగం తగ్గింది. హుక్కు మోయగల బరువు, బండి లాగగల బరువు ఎంతెంతో బండితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటాయి. మావి ఆ హద్దుల్లోనే ఉన్నాయని అప్పుడే సరిచూసుకున్నాను. హద్దు దాటిన బండికి ఎంత ఖరీదైన షాక్ అబ్జార్బర్ వేసినా ప్రయోజనం లేదు.

ఆ తరువాతే షాక్ అబ్జార్బర్ల పరీక్ష మొదలైంది. కార్లకు చేసినట్టు మూలన నొక్కి వదిలి ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టే పద్ధతి గట్టి కమాన్లున్న పికప్‌కు పనికిరాదు. మనిషి బలానికి అది నొక్కుకోనే నొక్కుకోదు. మేస్త్రీ చేయించింది వేరు. ట్రాలీతో గ్రావెల్ బాటలో ఎనిమిది కిలోమీటర్లు నడిపి వచ్చి, వెంటనే నాలుగు షాక్ అబ్జార్బర్ల గొట్టాలనూ జాగ్రత్తగా చేతి వెనుక భాగంతో తాకి చూడమన్నారు. ఊపును వేడిగా మార్చడమే దాని పని గనుక పనిచేసే గొట్టం వెచ్చబడాలి. మూడు వెచ్చగా ఉన్నాయి; వెనుక ఎడమది దాదాపు చల్లగా ఉంది. విప్పి నిలువుగా పట్టుకుని లాగి నొక్కితే దిశ మారే చోట ఒక వేలెడు దూరం ఏ పట్టూ లేకుండా జారిపోయింది. ముందువి రెండూ పూర్తిగా చచ్చిపోలేదు గాని లాగేటప్పుడు ఉండవలసిన బిగువు వాటిలోనూ లేదు. ముందు టైర్ల అంచుల్లో ఒకచోట అరిగి పక్కన అరగకుండా వరుసగా ఏర్పడిన సొట్టలు అందుకు సాక్ష్యం. రాడ్డు మొదట్లో పల్చగా నూనె పొరలా చెమ్మ కనిపిస్తే కంగారు పడనవసరం లేదని, గొట్టం పొడవునా తడిసి దుమ్ము పేరుకుంటేనే కారినట్టని మేస్త్రీ తేడా చూపించారు. ఒక ఇరుసు మీద ఒకటే మార్చడం మంచిది కాదు. కొత్తదీ పాతదీ రెండు వైపులా రెండు రకాలుగా పట్టడం వల్ల మలుపుల్లోనూ బ్రేకు వేసినప్పుడూ బండి ఒక పక్కకు లాగుతుంది.

"టక్కు" చప్పుడు సంగతి కొలతల్లో బయటపడింది. చట్రాన్ని జాకీల మీద లేపి వెనుక ఇరుసును వేలాడనిస్తే, షాక్ అబ్జార్బర్ పై కన్ను (బోల్టు పట్టే రింగు) నుంచి కింది కన్ను దాకా 540 మిల్లీమీటర్లు వచ్చింది. ఆ షాక్ అబ్జార్బర్ పూర్తిగా సాగినప్పటి పొడవు కూడా సరిగ్గా 540. కింది బోల్టు విప్పగానే ఇరుసు ఇంకో 20 మిల్లీమీటర్లు కిందికి దిగింది. అంటే నేను వేయించిన అదనపు పట్టీ వల్ల బండి పైకి లేచి, గోతి నుంచి చక్రం కిందికి జారిన ప్రతిసారీ ఇరుసు బరువంతా షాక్ అబ్జార్బర్‌కే వేలాడి, లోపలి పిస్టను గొట్టం పైకొసను కొడుతోంది. ఆ దెబ్బలకే సీలు పోయింది. పైగా, గట్టిపడిన కమాను మరింత బలంగా పైకి తన్నుతుంది; దానిని పట్టి ఆపే బలం పాత షాక్ అబ్జార్బర్‌కు లేదు. ఇప్పుడు రెండు దారులున్నాయి. పట్టీ ఉంచుకుని పొడవైన, గట్టి షాక్ అబ్జార్బర్లు కొనడం ఒకటి. పట్టీ తీసేసి బండిని కంపెనీ ఎత్తుకు తెచ్చి దానికి తగినవి కొనడం రెండోది. ముక్కు బరువు సరిచేశాక పట్టీ అవసరం లేదని తూకమే చెప్పింది గనుక రెండోదే చేశాను. పట్టీ తీశాక ట్రాలీతో నిలిపి చూస్తే ఇరుసు చట్రానికి తగలకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరుకూ ఇరుసుకూ మధ్య 60 మిల్లీమీటర్ల ఖాళీ ఉంది. చక్రం ఎంత పైకి లేచినా రబ్బరు ముందు తగలాలి, షాక్ అబ్జార్బర్ చివరిదాకా నొక్కుకోకూడదు. ఈ రెండు కొసల కొలతలూ కాగితం మీద రాసుకోకుండా దుకాణానికి వెళ్లడం కాలు కొలత తెలియకుండా చెప్పులు కొనబోవడమే.

అక్టోబరు మొదటి వారంలో చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్డుకు వెళ్లాను. నెల్లూరులో దొరకవని కాదు. నాలుగైదు రకాలు పక్కపక్కన పెట్టి చేతితో పట్టుకుని చూడాలంటే ఆ వీధే అనువైనది. గాబ్రియేల్, మన్రో, కేవైబీ, బిల్‌స్టీన్ వంటి పేర్లన్నీ అక్కడ వినిపించాయి. నేను పేరును గాక రకాన్ని ఎంచుకోవాలని ముందే నిర్ణయించుకున్నాను.

కంపెనీ నుంచి బండితో వచ్చే రకం జంట గొట్టాలది: లోపలి గొట్టంలో పిస్టను ఆడుతుంది, అక్కడినుంచి తప్పుకున్న నూనె అడుగు కవాటం గుండా బయటి గొట్టంలోకి పోయి వస్తుంది. బయటి గొట్టం పైభాగంలో గాలికి బదులు తక్కువ ఒత్తిడితో నత్రజని నింపితే నూనె నురగ కట్టదు. నురగ కట్టిన నూనె పిస్టనుకు పట్టివ్వదు. ఎగుడుదిగుడు బాటలో కొంత దూరం పోయాక షాక్ అబ్జార్బర్ అలసిపోయినట్టు మెత్తబడటానికి అదే కారణం. రెండో రకం ఒంటి గొట్టానిది. ఇందులో నూనెకూ ఎక్కువ ఒత్తిడి గల నత్రజనికీ మధ్య తేలే పిస్టను ఒకటి అడ్డంగా ఉంటుంది కాబట్టి రెండూ కలిసే ప్రసక్తే లేదు. గొట్టం గోడ నేరుగా గాలికి తగులుతుంది గనుక త్వరగా చల్లబడుతుంది. అదే కొలత గొట్టంలో పెద్ద పిస్టను పడుతుంది. గుణాన్ని బట్టి చూస్తే ఇదే మేలైనది. ఘాట్ రోడ్ల మీద గంటల తరబడి బరువు లాగేవారికి నేను దీన్నే చెబుతాను.

అయినా నేను దానిని తీసుకోలేదు. మా బాటలు గుంటల గట్ల మీది కంకర బాటలు. ముందు చక్రాలు విసిరిన రాయి వెనుక షాక్ అబ్జార్బర్‌కు తగలడం మాకు నిత్యకృత్యం. ఒంటి గొట్టానికి బయట సొట్ట పడితే లోపల పిస్టను అక్కడే ఇరుక్కుంటుంది; జంట గొట్టాల దానికి బయటి గొట్టం సొట్టపడ్డా లోపలిది చాలావరకు క్షేమంగా ఉంటుంది. పైగా నాకు చెప్పిన ధర ఒక్కోటి 14,500 రూపాయలు. ఒకటి పాడైతే తెప్పించుకోవడానికి వారాలు పడుతుందన్నారు. జనరేటర్ వారం రోజులు ఆగిపోవడం నా పనిలో కుదరదు. కంపెనీ రకం 2,150 రూపాయలకే దొరికినా, దాని పిస్టను కొలత ట్రాలీ లేని బండికి సరిపడేది. చివరికి వెనుకకు పెద్ద పిస్టను, లావు రాడ్డు ఉన్న, నత్రజని నింపిన బరువు రకం జంట గొట్టాలవి ఒక్కోటి 4,600 రూపాయలకు తీసుకున్నాను. పిస్టను పెద్దదైతే అంతే ఊపును తక్కువ ఒత్తిడితో అణచగలుగుతుంది, నూనె ఎక్కువ పడుతుంది కాబట్టి నెమ్మదిగా వేడెక్కుతుంది. ముందు చక్రాలకు మాత్రం అదే కంపెనీ మామూలు బిగువు రకం చాలనుకున్నాను. ముక్కు బరువు సరిచేశాక ముందుభాగం మీద ట్రాలీ ప్రభావం పెద్దగా లేదు, అనవసరపు బిగువు స్టీరింగుకు కుదుపునే ఇస్తుంది.

గట్టిదనం అనే మాటను దుకాణాల్లో ఒక్క ముద్దగా వాడతారు, అది సరికాదు. నొక్కుకునేటప్పటి బిగువు వేరు, సాగేటప్పటి బిగువు వేరు. చక్రం రాయి ఎక్కినప్పుడు మరీ బిగువుగా ఉంటే ఆ దెబ్బ చట్రానికీ ట్రాలీ హుక్కుకూ చేరుతుంది. కమాను తిరిగి పైకి తన్నేటప్పుడు బిగువు చాలకపోతే ఊయల మొదలవుతుంది. ట్రాలీ లాగే బండికి కావలసింది ప్రధానంగా రెండోది. అందుకే, నొక్కడానికి మధ్యరకంగా, లాగడానికి స్పష్టంగా బరువుగా ఉన్న జతను చేతితో పరీక్షించి ఎంచుకున్నాను. చేతి పరీక్ష నెమ్మది కదలికనే చూపుతుందని తెలుసు. అయినా నాలుగింటి మధ్య తేడా తెలిసింది.

ఒక దుకాణంలో గాలి నింపి ఎత్తు పెంచుకునే షాక్ అబ్జార్బర్లు చూపించి ట్రాలీకి ఇవే సరైనవన్నారు. మేస్త్రీకి ఫోను చేస్తే ఒక్క మాటతో వద్దన్నారు. షాక్ అబ్జార్బర్ పై కన్ను పట్టుకునే చట్రం భాగం ఊపును ఆపడానికి తయారైంది, బండి బరువు మోయడానికి కాదు. గాలితో అక్కడ బరువు వేస్తే కొన్నాళ్లకు ఆ భాగం పగులుతుంది. వెనుక ఎత్తు నిజంగా కావాలంటే చట్రానికీ ఇరుసుకూ మధ్య విడిగా అమర్చే గాలి సంచులు వేరే ఉన్నాయి, అవి స్ప్రింగు పని చేసేవి. ఇంకొక దుకాణంలో బిల్లు లేకుండా ధర తగ్గిస్తామన్నారు. సెప్టెంబరు 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, బిల్లు లేనిదే వారంటీ ఉండదు, నకిలీ అయితే అడిగే హక్కూ ఉండదు. కాబట్టి ఛాసిస్ నంబరుతో విడిభాగం నంబరు సరిపోల్చుకుని బిల్లు రాయించుకునే తీసుకున్నాను. మా బండికి వెనుక ఎడమది ఇరుసుకు ముందుకు, కుడిది వెనక్కు వాలి ఉంటాయి. బయలుదేరేటప్పుడు, బ్రేకు వేసేటప్పుడు ఇరుసు మెలి తిరగకుండా ఆ ఏర్పాటు. అందువల్ల రెండు వైపులకూ కన్నుల్లో కూర్చునే రబ్బరు బుష్‌ల కొలతలు విడివిడిగా చూసుకోవలసి వచ్చింది.

బిగింపులో రెండు సంగతులు చెప్పాలి. పెట్టెలో అడ్డంగా పడుకుని వచ్చిన జంట గొట్టాల షాక్ అబ్జార్బర్‌లో వాయువు లోపలి గొట్టంలోకి చేరి ఉంటుంది. నిలువుగా పట్టుకుని అయిదారు సార్లు నెమ్మదిగా పూర్తిగా నొక్కి సాగదీశాకే బిగించాలి. రబ్బరు బుష్‌ల బోల్టులను ఇరుసు వేలాడుతుండగా చివరిదాకా బిగించకూడదు. బండిని నేల మీదికి దించి, చక్రాల మీద బరువు పడ్డాక బిగించాలి, లేకుంటే రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి త్వరగా చిరుగుతుంది. ముందు చక్రాల వైపు, స్ప్రింగును నొక్కి పట్టే పరికరం లేకుండా షాక్ అబ్జార్బర్ మార్చే పని ఎవరూ తలపెట్టవద్దు. తప్పించుకున్న స్ప్రింగు ప్రాణం తీయగలదు. తరువాత వీల్ అలైన్‌మెంట్ చేయించి, సొట్టలు పడిన ముందు టైర్లు రెండూ మార్చాను.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినా మా వైపు కూడా వానలు గట్టిగా కురిశాయి, కరెంటు ఇబ్బందులు వచ్చాయి. ఆ రెండు రోజుల్లో ట్రాలీతో ఏడు తడవలు తిరిగాం. వంతెన అతుకు దాటాక బండి ఒక్కసారి దిగి, ఒక్కసారి లేచి, అక్కడే నిలబడుతోంది. రెండో ఊపు లేదు. గట్ల మీద "టక్కు" చప్పుడు లేదు. ఖాళీ బండి మాత్రం మునుపటికన్నా కొంచెం కరుకుగా నడుస్తోంది, ముఖ్యంగా స్పీడ్ బ్రేకర్ల మీద. వారంలో అయిదు రోజులు ట్రాలీ ఉండే బండికి అది నాకు సమ్మతమే. ఉప్పునీటి బురద రాడ్ల మీద ఎండకుండా, గుంటల నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కింది భాగం కడిగిస్తున్నాను. వెయ్యి కిలోమీటర్ల తరువాత మేస్త్రీ దగ్గర బోల్టులన్నీ మళ్లీ చూపిస్తే వెనుక కుడిది ఒక్కటే కొద్దిగా తిరిగింది. దాని రాడ్డు మొదట్లో ఉన్న పల్చటి నూనె చెమ్మను ఆయన గుడ్డతో తుడిచి, సుద్దతో గీత పెట్టి, రెండు వారాలు ఆగి రమ్మన్నారు. మళ్లీ వెళ్లేసరికి గీత పొడిగానే ఉంది.